ఎన్ని వెర్షన్లు బతికున్నాయి? చిన్న సాఫ్ట్‌వేర్ టీముకు బ్రాంచి, రివ్యూ, రిలీజు పద్ధతుల పోలిక

కర్నూలు, అనంతపురం, కడపల్లో పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ టీముల చేతిలో మామూలుగా మూడు రకాల పనులుంటాయి. మొదటిది బ్రౌజర్‌లో నడిచేది: కాలేజీ ఫీజుల పోర్టల్, చీనీ (బత్తాయి) మండీ కమీషన్ లెక్కలు. రెండోది అంగడి కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసేది: ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల బిల్లింగ్, ఆదోని పత్తి వ్యాపారుల స్టాకు లెక్క. మూడోది ఫోన్ యాప్. ఈ మూడింటికీ ఒకే బ్రాంచి (అసలు కోడును కదపకుండా పక్కన పనిచేసుకునే ప్రతి) పద్ధతి, ఒకే రిలీజు (విడుదల) పద్ధతి పెట్టుకోవడం దగ్గరే చాలా టీములు దెబ్బతింటాయి. బెంగళూరు పెద్ద కంపెనీల్లో చేసి వచ్చినవాళ్లు అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు తెస్తారు. కాలేజీ నుంచి నేరుగా వచ్చినవాళ్లు ట్యుటోరియల్‌లో చూసిన బొమ్మను తెస్తారు. ఆ పద్ధతి ఏ అవసరం కోసం పుట్టిందో ఎవరూ అడగరు.

అడగాల్సినవి రెండు ప్రశ్నలు. ఈ రోజు మీ సాఫ్ట్‌వేర్ వెర్షన్లు జనం చేతుల్లో ఎన్ని నడుస్తున్నాయి? తప్పు వెర్షన్ బయటికి పోతే అందరి దగ్గరా దాన్ని వెనక్కి తీయడానికి ఎంతసేపు పడుతుంది? వెబ్ అయితే జవాబు సులువు: వెర్షన్ ఒక్కటే, సరిగ్గా ఏర్పాటు చేసుకుంటే వెనక్కి రావడానికి ఐదు నిమిషాలు చాలు. అంగడి కంప్యూటర్లలో నడిచేదైతే నలభై అంగళ్లలో నాలుగైదు వెర్షన్లు ఉండొచ్చు. వెనక్కి తీయాలంటే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, రిమోట్‌గా వాళ్ల కంప్యూటర్‌లోకి వెళ్లాలి, అంటే రెండు మూడు రోజుల పని. ఫోన్ యాప్ ఒకసారి ఫోన్‌లోకి దిగాక అసలు వెనక్కి రాదు, దాని మీద ఇంకో వెర్షన్ పంపడమే దారి. టీములో ఎంతమంది ఉన్నారన్నది వీటి తర్వాతే ఆలోచించాలి.

బ్రాంచీలు: నాలుగు దారులు

కోడులో జరిగే ప్రతి మార్పునూ కమిట్ అనే మెట్టుగా దాచిపెట్టే పరికరం గిట్. దాంట్లో బ్రాంచీలు నడిపే ఒక పద్ధతి గిట్ ఫ్లో. దాన్ని 2010 జనవరిలో విన్సెంట్ డ్రీసెన్ అనే ప్రోగ్రామర్ ఒక వ్యాసంలో వివరించారు. మెయిన్, డెవలప్ అని ఎప్పటికీ ఉండే బ్రాంచీలు రెండు. మెయిన్‌లో విడుదలైన కోడు, డెవలప్‌లో తర్వాతి విడుదలకు తయారవుతున్న కోడు ఉంటాయి. వాటి చుట్టూ ఫీచర్ (కొత్త పని), రిలీజు (విడుదలకు తయారీ), హాట్‌ఫిక్స్ (అత్యవసర సవరణ) బ్రాంచీలు. ఆ వ్యాసంలోని బొమ్మ ఇంజినీరింగ్ కాలేజీల ప్రాజెక్టు రిపోర్టుల దాకా వచ్చేసింది. పదేళ్ల తర్వాత, 2020 మార్చిలో, డ్రీసెనే దాని పైన ఒక గమనిక చేర్చారన్నది మాత్రం అంతగా ప్రచారం కాలేదు. రోజూ మార్పులు పంపే వెబ్ అప్లికేషన్‌కు ఇంతకంటే సులువైన పద్ధతి చూసుకోండి, వెర్షన్ నంబరుతో విడుదలయ్యేవాటికి, ఒకేసారి పలు వెర్షన్లను నిలబెట్టాల్సినవాటికి మాత్రం ఇది ఇంకా సరిపోవచ్చు అన్నది దాని సారాంశం.

చిన్న టీములో గిట్ ఫ్లో దెబ్బతినేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట. హాట్‌ఫిక్స్‌ను మెయిన్‌లో కలుపుతారు, సర్వరుకు పంపుతారు, కస్టమర్ శాంతిస్తాడు. అదే మార్పును డెవలప్‌లో కూడా కలపాలన్న రెండో అడుగు జారిపోతుంది. మూడు వారాల తర్వాత డెవలప్ నుంచి కొత్త రిలీజు వెళ్తుంది, పాత బగ్గు మళ్లీ లేస్తుంది. ఒకసారి సరిచేశామన్నది మళ్లీ వస్తే కస్టమర్‌కు నమ్మకం పోతుంది. కొత్త బగ్గు కంటే అది ఎక్కువ నష్టం.

ఆన్‌లైన్‌లో కోడు దాచే సేవ గిట్‌హబ్ పేరు మీదున్న గిట్‌హబ్ ఫ్లోలో ఎప్పటికీ ఉండేది మెయిన్ ఒక్కటే. ఏ క్షణంలోనైనా సర్వరుకు పంపగలిగే స్థితిలో అది ఉండాలి. పని కోసం బ్రాంచి తీస్తారు, పుల్ రిక్వెస్ట్ (నా మార్పు చూసి మెయిన్‌లో కలపండన్న అభ్యర్థన) పెడతారు, రివ్యూ (ఇంకొకరు చదివి చూడడం) అవుతుంది, కలుపుతారు, పంపుతారు. ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా ఉన్న వెబ్ టీముకు మా సలహా ఇదే. దీని రోగం బ్రాంచి వయసు. రెండు వారాలు బతికిన బ్రాంచిని కలిపేటప్పుడు కనిపించే కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట ఇద్దరి మార్పులు ఢీకొనడం) పెద్ద ప్రమాదం కాదు, గిట్ ఆపి చూపిస్తుంది కాబట్టి. కనిపించనిది అసలు ప్రమాదం. హమాలీ లెక్కించే ఫంక్షన్ ఇంతకాలం రూపాయల్లో జవాబిచ్చేది, ఒకరు దాన్ని పైసల్లోకి మార్చారనుకోండి. ఇంకొకరు తమ బ్రాంచిలో అదే ఫంక్షన్‌ను కొత్త ఫైలు నుంచి పిలిచారు. ఒకే లైనును ఇద్దరూ ముట్టుకోలేదు కాబట్టి గిట్ మాట్లాడకుండా కలిపేస్తుంది. రైతు పట్టీలో హమాలీ వంద రెట్లు కోత పడుతుంది.

దీనికి మందు రెండు నియమాలు. బ్రాంచి రెండు పనిదినాలకు మించి బతకకూడదు. కలపబోయే ముందు బ్రాంచిలోకి తాజా మెయిన్ తెచ్చుకుని టెస్టులు (కోడును దానంతటదే పరీక్షించే ప్రోగ్రాంలు) మళ్లీ నడపాలి. పని రెండు రోజుల్లో తెగదనిపిస్తే దాన్ని ముక్కలు చెయ్యాలి: ముందు టేబుల్, తర్వాత లెక్క, చివర స్క్రీన్. స్క్రీన్ లేని లెక్క మెయిన్‌లో ఉంటే ఎవరికీ నష్టం లేదు.

ట్రంక్ (అందరూ కలిసి పనిచేసే ఒకే ప్రధాన బ్రాంచి) పద్ధతి ఇంకో అడుగు ముందుకు పోతుంది. అందరూ రోజుకు కనీసం ఒకసారైనా తమ పనిని ట్రంక్‌లో కలపాలి, బతికున్న బ్రాంచీలు మూడుకు మించకూడదు అని, సాఫ్ట్‌వేర్ టీముల పనితీరును అధ్యయనం చేసే డోరా పరిశోధన బృందం సూచిస్తుంది. ఇది బాగా నడిచే చోట చాలా బాగా నడుస్తుంది. దానికి ముందు షరతులున్నాయి: పది నిమిషాల్లోపు పూర్తయ్యే, నమ్మదగిన టెస్టులు కావాలి. సగం అయిన పనిని దాచడానికి ఫీచర్ ఫ్లాగులు (కోడులోని ఆన్, ఆఫ్ స్విచ్‌లు) కావాలి. టెస్టులు లేని టీము ట్రంక్‌కు మారితే బగ్గులు వారానికి బదులు రోజూ బయటికి పోతాయి. టెస్టులు రాకముందు దీని జోలికి పోవద్దు.

నాలుగోది ట్రంక్‌తో పాటు రిలీజు బ్రాంచీలు. ప్రొద్దుటూరు అంగళ్ల బిల్లింగ్ లాంటి వాటికి దీన్నే ఎంచుకోమంటాం. పని అంతా మెయిన్‌లోనే జరుగుతుంది. 3.4 అనే వెర్షన్ విడుదల సమయానికి మెయిన్ నుంచి 3.4 బ్రాంచి తీస్తారు, అందులోకి బగ్గు సవరణలే వెళ్తాయి. సవరణ ఎప్పుడూ ముందు మెయిన్‌లో జరగాలి, అక్కడి నుంచి చెర్రీ పిక్‌తో (ఆ ఒక్క మార్పును ఎత్తి తెచ్చే గిట్ ఆదేశం) 3.4కు రావాలి. ఈ ఒక్క దిశ నియమం వల్ల గిట్ ఫ్లోలో జారిపోయే ఆ రెండో అడుగు ఇక్కడ జారిపోదు. మెయిన్‌లో పెట్టడం మరిస్తే 3.4కు తెచ్చుకోవడానికే ఏమీ ఉండదు. ఒక్కోసారి మెయిన్‌లో ఆ భాగం పూర్తిగా మారిపోయి చెర్రీ పిక్ పడదు. అప్పుడు రిలీజు బ్రాంచిలో విడిగా సరిచేసి, మెయిన్ కోసం ఇంకో టికెట్ (పనుల జాబితాలో నమోదు) తెరిచి, అది మూసేదాకా తర్వాతి రిలీజు ఆపాలి.

మరి గిట్ ఫ్లో ఎవరికి? కస్టమర్ తరఫు మనుషులు రెండు మూడు వారాలు పరీక్షించి సంతకం పెడితే గానీ విడుదల కాని పనులకు. ప్రభుత్వ శాఖల కాంట్రాక్టుల్లో ఇలా ఉంటుంది. వాళ్లు పరీక్షిస్తున్న కోడు కదలకూడదు, మీ పని ఆగకూడదు. అక్కడ దాని బరువు మోయొచ్చు.

కలిపే తీరు

బ్రాంచిని కలపడానికి మెర్జ్ కమిట్ (రెండు చరిత్రలను ముడివేసే కమిట్), స్క్వాష్ (బ్రాంచిలోని మార్పులన్నిటినీ ఒకే కమిట్ చేయడం), రీబేస్ (మార్పులను తాజా మెయిన్ పైన మళ్లీ పేర్చడం) అని మూడున్నాయి. పుల్ రిక్వెస్టులకు స్క్వాష్ పెట్టండి. ఒక పని, ఒక కమిట్. వెనక్కి తియ్యాలంటే ఒక్క గిట్ రివర్ట్ చాలు. బగ్గు ఎప్పుడు దూరిందో గిట్ బైసెక్ట్‌తో (ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ) వెతికితే వెయ్యి కమిట్లలో పదిసార్ల పరీక్షతో దొరుకుతుంది, అయితే ప్రతి కమిట్ బిల్డ్ (నడిచే ప్రోగ్రాంగా తయారు) కావాలి. స్క్వాష్ ఆ పని చేసి పెడుతుంది.

మెర్జ్ కమిట్‌ను రివర్ట్ చేస్తే ఒక ఉచ్చు ఉంది. అదే బ్రాంచిలో తప్పు సరిదిద్ది మళ్లీ కలిపితే పాత మార్పులు రావు. అవి ఇప్పటికే కలిసిపోయాయని గిట్ లెక్క. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చెయ్యాలి. ఇది తెలియక సగం ఫీచర్‌తో విడుదలైన రిలీజులున్నాయి. డెవలప్, మెయిన్ లాంటి దీర్ఘకాలపు బ్రాంచీల మధ్య మాత్రం స్క్వాష్ ఎప్పుడూ వద్దు. రెండింటి చరిత్ర తెగిపోయి, ప్రతిసారీ అవే కాన్‌ఫ్లిక్టులు తిరిగొస్తాయి.

తనిఖీలు: ఏది ముందు, ఎక్కడ

ఫార్మాటర్ (కోడు వరసలు సర్దేది), లింటర్ (అనుమానం ఉన్న కోడు మీద హెచ్చరించేది), టెస్టులు, కవరేజీ (టెస్టుల్లో నడిచిన లైన్ల శాతం), భద్రతా స్కాన్ అన్నీ ఒకే వారంలో పెట్టిన టీము నెలలోపు అన్నీ ఆపేస్తుంది. వేల హెచ్చరికలు వచ్చిపడితే ఎవరూ చదవరు. ముందు ఫార్మాటర్ పెట్టి మొత్తం కోడును ఒకే కమిట్‌లో సర్దేయండి, రివ్యూల్లో ఖాళీల గురించి వాదన ఆ రోజుతో ముగుస్తుంది. తర్వాత బిల్డు, టెస్టులు ఫెయిలైతే మెర్జ్ బటన్ నొక్కలేని ఏర్పాటు. ఆ తర్వాతే లింటర్, అదీ నిజమైన బగ్గులు పట్టే పది పన్నెండు నియమాలతో.

కవరేజీ విషయంలో రెండు దారులున్నాయి: మొత్తం కోడుకు ఒక శాతం పెట్టడం, కొత్త కోడుకే పెట్టడం. రెండోదే సరైనది. కోడు నాణ్యత చూసే సోనార్‌క్యూబ్ పరికరంతో వచ్చే క్వాలిటీ గేటు (దాటాల్సిన ప్రమాణం) కూడా కొత్త కోడును చూస్తుంది: కవరేజీ కనీసం 80 శాతం, నకలు లైన్లు 3 శాతానికి మించకూడదు. ఎనిమిదేళ్ల పాత కోడుకు మొత్తం మీద 80 అని పెడితే ఏమీ సరిచూడని టెస్టులు పుట్టుకొస్తాయి. కవరేజీ లెక్కపెట్టేది ఏ లైను నడిచిందో మాత్రమే, జవాబు సరైనదో కాదో అది చూడదు.

పాత బిల్లింగ్ కోడుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చే టెస్టు ఇది. నిరుటి బిల్లుల్లోంచి ఐదు వందలు ఏరండి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయండి. ప్రతి బిల్లును కొత్త కోడుతో మళ్లీ లెక్కించి, పాత మొత్తంతో పైసా దాకా సరిపోల్చండి. ఏరేటప్పుడు మన ప్రాంతపు వ్యాపారం అందులో కనపడాలి. కర్నూలు వ్యాపారి తుంగభద్ర దాటి గద్వాలకు సరుకు పంపితే, అనంతపురం నుంచి బళ్లారికి పంపితే, రాష్ట్రం మారుతుంది కాబట్టి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై జీఎస్టీ) పడాలి. అదే సరుకు నంద్యాలకు పోతే సీజీఎస్టీ (కేంద్రం వాటా), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) చెరిసగం. చెరిసగం చేసేటప్పుడు బేసి పైస ఎటు పోతుందన్నది ఒక టెస్టు. వాపసు సరుకు ఒక టెస్టు. డబ్బును ఫ్లోట్‌లో (దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే సంఖ్యా రకం) దాచిన కోడు ఈ పరీక్షలో దొరికిపోయే అవకాశం ఎక్కువ. పైసలను పూర్ణసంఖ్యగానో డెసిమల్ టైపులోనో ఉంచాలి.

ఒకసారి పాసై, ఇంకోసారి ఏ మార్పూ లేకుండా ఫెయిలయ్యే టెస్టును ఆ రోజే విడిగా పెట్టేయండి. వారంలో సరిచేయండి, లేదా తీసేయండి. మళ్లీ నడిపితే పాసవుతుందిలే అన్న అలవాటు టీముకు పడితే నిజమైన ఫెయిల్యూరును కూడా అలాగే దాటేస్తారు.

ఈ బిల్డులు, టెస్టులు ఎక్కడ నడపాలన్నదానికి ఈ లెక్క వేసుకోండి. గిట్‌హబ్ ఉచిత ఖాతాలో ప్రైవేటు రిపోజిటరీలకు (బయటివాళ్లకు కనపడని కోడు నిల్వలకు) బిల్డులు నడుపుకోవడానికి నెలకు 2,000 నిమిషాలు వస్తాయి. ఎనిమిది నిమిషాల బిల్డు రోజుకు పదిసార్లు, నెలకు 25 రోజులు నడిస్తే సరిగ్గా అంతే. అలాంటిదే ఇంకో సేవ గిట్‌ల్యాబ్ ఉచిత ఖాతాలో 400 నిమిషాలే. కానీ ప్రైవేటు రిపోజిటరీలో మెయిన్‌లోకి నేరుగా తోయకుండా కాపాడే ఏర్పాటు గిట్‌ల్యాబ్‌లో ఉచితం, గిట్‌హబ్‌లో దానికి డబ్బు కట్టాలి. ముగ్గురు నలుగురున్న టీముకు ఈ తేడా నిమిషాల కంటే ముఖ్యం. గిట్‌ల్యాబ్ తీసుకుని, ఆఫీసులో ఉన్న పాత కంప్యూటర్‌ను రన్నర్‌గా (బిల్డులు నడిపే యంత్రంగా) కలిపితే నిమిషాల గొడవ ఉండదు. సొంత సర్వరులో పెట్టుకునే బిల్డు సాఫ్ట్‌వేర్ జెంకిన్స్ ఇద్దరి టీముకు బరువు, ప్లగిన్ల అప్‌డేట్లే ఒకరి పనిగా మారతాయి. సొంత రన్నర్ పెట్టుకుంటే యూపీఎస్ తప్పనిసరి. ఎండాకాలం కరెంటు పోయి బిల్డు మధ్యలో ఆగితే సగం తయారైన ఫైళ్లు మిగులుతాయి కాబట్టి ప్రతి బిల్డు ఖాళీ ఫోల్డర్‌లో మొదలవ్వాలి.

ఇంకో చిన్న తేడా, పెద్ద ఫలితం. నోడ్ (జావాస్క్రిప్ట్ నడిపే వేదిక) ప్రాజెక్టుల్లో లైబ్రరీలు తెచ్చుకోవడానికి బిల్డు యంత్రం మీద ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ (npm install) బదులు ఎన్‌పీఎం సీఐ (npm ci) ఆదేశం వాడండి. మొదటిది లాక్ ఫైలును (ఏ లైబ్రరీ ఏ వెర్షన్ అన్న జాబితా) మార్చగలదు, రెండోది లాక్ ఫైలు ప్రకారమే తెస్తుంది, పొంతన లేకపోతే ఆగిపోతుంది.

రివ్యూ: ముందా, తర్వాతా, పక్కన కూర్చునా

పుల్ రిక్వెస్ట్ మీద కలపకముందే చూడడం అందరికీ తెలిసిన దారి. దాని నాణ్యత సైజును బట్టి ఉంటుంది. 400 లైన్లు దాటితే చూసేవాళ్లు చదవడం ఆపి ఒప్పేసుకుంటారు. 200 లోపు ఉంచండి, ఒక్కసారి కూర్చుంటే గంటకు మించి చూడకండి. ఇద్దరే ఉన్న టీములో ఒకరు సెలవు పెడితే రివ్యూ ఆగుతుంది, బ్రాంచి వయసు పెరుగుతుంది. అక్కడ మార్పును బట్టి విడదీయడం మేలు: స్క్రీన్ మీది మాటలు, రంగులు, రిపోర్టు వరసలు కలిపాక చూసుకోవచ్చు. డబ్బు లెక్క, డేటాబేసు మార్పు, లాగిన్, అనుమతులు ఇంకో మనిషి చూడకుండా కలపకూడదు, రెండు రోజులు ఆగినా సరే. కష్టమైన లెక్కలకు పక్కన కూర్చుని ఇద్దరూ కలిసి రాయడమే మంచి రివ్యూ, ముఖ్యంగా కొత్తగా చేరినవాళ్లతో.

డేటాబేసు మార్పు: వెనక్కి రావడం నిజంగా తెగేది ఇక్కడ

కోడును వెనక్కి తిప్పడం తేలిక, డేటాను తిప్పడం తేలిక కాదు. రోల్‌బ్యాక్ (పాత వెర్షన్‌కు తిరగడం) ఉందని ధీమాగా ఉన్న టీములు కూలిపోయేది ఇక్కడే. కాలమ్ పేరు మార్చిన రిలీజులో తప్పు దొరికి పాత కోడుకు తిరిగితే, పాత కోడు పాత పేరు కోసం వెతికి పడిపోతుంది.

రెండు దారులు: సర్వరు ఆపి ఒక్కసారిగా మార్చడం, ఆపకుండా విడతలుగా మార్చడం. రాత్రి పది తర్వాత ఎవరూ వాడని మండీ సాఫ్ట్‌వేర్‌కు మొదటిది చాలు. బ్యాకప్ తీసి, దాన్ని ఇంకో చోట రీస్టోర్ చేసి తెరిచి చూశాకే మొదలుపెట్టండి. రీస్టోర్‌కు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి కొలవండి, మీ రోల్‌బ్యాక్ సమయం అదే. రోజంతా నడిచేదానికి రెండో దారి తప్పదు. తూకం అన్న కాలమ్‌ను క్వింటాళ్ల నుంచి కిలోలకు మార్చాలనుకుందాం. మొదటి రిలీజులో కిలోల కొత్త కాలమ్ ఖాళీగా చేరుతుంది. రెండో దాంట్లో కోడు రెండు చోట్లా రాస్తుంది, చదివేది పాతదాన్నే. తర్వాత పాత వరసలను వెయ్యి చొప్పున నింపుతారు. ఒకేసారి పది లక్షల వరసలు అప్‌డేట్ చేస్తే మిగతా పని నిలిచిపోతుంది. నింపినవి సరిపోయాయని లెక్క చూశాక మూడో రిలీజు కొత్త కాలమ్‌ను చదువుతుంది. ఒక వారం గడిచాక నాలుగో రిలీజులో పాతదాన్ని తీసేస్తారు. పాతదాన్ని తీసేసే చివరి అడుగు తప్ప, ప్రతి అడుగు దగ్గరా ఒక అడుగు వెనక్కి వెళ్లొచ్చు. పని ఎక్కువైనట్టు అనిపిస్తుంది, కానీ పట్టపగలు సర్వరు ఆపకుండా చేసుకోవచ్చు.

పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ డేటాబేసుల మధ్య ఇక్కడ పెద్ద తేడా ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో చాలా టేబుల్ మార్పులు ట్రాన్సాక్షన్‌లో పెట్టొచ్చు, మధ్యలో ఫెయిలైతే అన్నీ వెనక్కి పోతాయి. మైఎస్‌క్యూఎల్‌లో ప్రతి టేబుల్ మార్పూ అప్పటికప్పుడు కమిట్ అయిపోతుంది. ఐదు మార్పుల స్క్రిప్టు మూడోదాని దగ్గర పడిపోతే మొదటి రెండూ ఉండిపోతాయి. అందుకే మైఎస్‌క్యూఎల్‌లో ఒక స్క్రిప్టుకు ఒకే మార్పు. పోస్ట్‌గ్రెస్‌కూ ఒక గండం ఉంది: టేబుల్ మార్పు చాలాసార్లు పూర్తి తాళం (అది ముగిసేదాకా ఇంకెవరూ ఆ టేబుల్‌ను ముట్టకుండా) అడుగుతుంది. అప్పటికే ఎవరో పెద్ద రిపోర్టు నడుపుతుంటే అది ముగిసేదాకా వేచి ఉంటుంది, దాని వెనక మామూలు బిల్లులు కూడా క్యూ కడతాయి. లాక్ టైమౌట్ (తాళం కోసం ఆగే గరిష్ఠ సమయం) ఐదు సెకన్లు పెట్టి, పడకపోతే కాసేపాగి మళ్లీ ప్రయత్నించండి. ఇండెక్స్‌ను (వెతకడం వేగంగా సాగడానికి కట్టే సూచిక) కాంకరెంట్లీ, అంటే మిగతా రాతలు ఆపకుండా, అని చెప్పి కట్టండి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు, కాబట్టి దానికి విడి స్క్రిప్టు.

అంగడి కంప్యూటర్‌లో ఉండే డేటాబేసు ఫైలులో స్కీమా (టేబుళ్ల అమరిక) నంబరు రాసి ఉంచండి. తనకంటే కొత్త నంబరున్న ఫైలును పాత ప్రోగ్రాం తెరవకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ బంగారు నగకు అక్షరాలు, అంకెలు కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తప్పనిసరి అయింది. దాని కోసం కొత్త కాలమ్ చేర్చిన వెర్షన్ ఒక కౌంటర్‌లో, పాతది పక్క కౌంటర్‌లో నడుస్తూ ఒకే ఫైలు మీద రాస్తే హెచ్‌యూఐడీ లేని బిల్లులు పుడతాయి.

అందరికీ ఒకేసారా, విడతలుగానా

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. విడతలుగా కాక అందరికీ ఒకేసారి వెళ్లడమే నష్టాన్ని అంత పెద్దది చేసింది. విడతలు ఎందుకో ఇంతకంటే చెప్పక్కర్లేదు, ఎలా అన్నదే ప్రశ్న.

శాతాల లెక్క చిన్న టీముకు పనికిరాదు. నలభై అంగళ్లలో ఐదు శాతమంటే రెండు. ఆ రెండూ రోజుకు పది బిల్లులు కొట్టే అంగళ్లయితే ఏ బగ్గూ బయటపడదు. పేరుపెట్టి ఎంచుకోండి: ఫోన్ చేసి తప్పు చెప్పే ఓపిక ఉన్న యజమాని ఒకరు, బిల్లులు ఎక్కువుండే అంగడి ఒకటి, అన్నిటికంటే పాత కంప్యూటర్ ఉన్నది ఒకటి. మూడింటికి రెండు రోజులు, తర్వాత పదింటికి మూడు రోజులు, ఆ తర్వాత అందరికీ. అక్షయ తృతీయకు, ధనత్రయోదశికి ముందు పది రోజులు బంగారు అంగళ్లకు ఏదీ పంపొద్దు. మార్చి చివరి వారం ఎవరికీ పంపొద్దు.

వెబ్ సర్వరు ఒక్కటే ఉంటే బ్లూ గ్రీన్ (పాత, కొత్త వెర్షన్లను పక్కపక్కన నడిపి మారే పద్ధతి) కోసం రెండో యంత్రం అద్దెకు తీసుకోనక్కర్లేదు. ప్రతి రిలీజును విడి ఫోల్డర్‌లో పెట్టి, కరెంట్ అన్న సింబాలిక్ లింకును (ఇంకో ఫోల్డర్‌ను చూపించే గుర్తు) కొత్తదాని వైపు తిప్పి, సర్వీసును రీలోడ్ చేయండి. చివరి ఐదు ఫోల్డర్లు ఉంచండి. వెనక్కి రావడమంటే లింకును పాత ఫోల్డర్‌కు తిప్పడమే. డాకర్ (ప్రోగ్రాంను దానికి కావాల్సినవాటితో కలిపి ఇమేజీగా మూటకట్టే పరికరం) వాడేవాళ్లు లేటెస్ట్ అన్న ట్యాగును సర్వరు మీద వాడొద్దు, నిన్నటి లేటెస్ట్ ఏదో ఈ రోజు ఎవరూ చెప్పలేరు. కమిట్ హ్యాష్‌తో (గిట్ ప్రతి కమిట్‌కు ఇచ్చే గుర్తింపు) ట్యాగ్ పెట్టండి. స్టేజింగ్‌లో (పరీక్ష సర్వరులో) పరీక్షించిన ఇమేజీనే ప్రొడక్షన్‌కు (జనం వాడే సర్వరుకు) పంపండి, మళ్లీ బిల్డు చెయ్యకండి.

ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ విడతల విడుదలను మధ్యలో ఆపొచ్చు, కానీ అప్పటికే దిగిన ఫోన్లలో ఆ వెర్షన్ ఉండిపోతుంది. సరిచేసింది పాత కోడే అయినా వెర్షన్ కోడ్ (స్టోర్ చూసే వరస సంఖ్య) పెద్దదిగా ఉండాలి. ఐఫోన్ విడతల విడుదల ఏడు రోజులు సాగుతుంది: 1, 2, 5, 10, 20, 50, 100 శాతాలు. రెండింటికీ స్టోర్ తనిఖీ సమయం కలపండి. ఫోన్ యాప్‌లో సర్వరు నుంచి ఆపగలిగే ఫ్లాగు విలాసం కాదు, ఇంకో వెర్షన్ పంపకుండానే తప్పును ఆపడానికి ఉన్న ఒకే దారి.

ఫ్లాగా, తేదీయా

సగం పనిని దాచడానికి, ఆపత్కాలంలో ఆపడానికి ఫ్లాగు. ప్రభుత్వం ప్రకటించిన మార్పుకు తేదీ. ఈ రెండింటినీ కలిపేస్తే తప్పులు వస్తాయి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారి, 12, 28 శాతం శ్లాబుల్లోని చాలా వస్తువులు 5, 18 శాతాలకు వచ్చాయి. రేటును కోడులో రాసుకున్నవాళ్లు అర్ధరాత్రి రిలీజు పంపాల్సి వస్తుంది. ఫ్లాగు పెట్టుకున్నవాళ్లు అర్ధరాత్రి స్విచ్ నొక్కాలి, ఆ పైన 20న కొన్న సరుకు 25న వాపసు వస్తే దానికి కొత్త రేటు పడుతుంది. అది పాత బిల్లు రేటుకే పోవాలి. రేట్ల టేబుల్‌లో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న రెండు కాలమ్‌లు ఉంటే, పది రోజుల ముందే ప్రశాంతంగా పంపి, మూడు అంగళ్లలో చూసుకుని, తేదీని దాని పని దాన్ని చెయ్యనివ్వొచ్చు. సర్వరు గడియారం యూటీసీలో (మన కంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ కాలమానంలో) ఉందేమో చూసుకోండి. ఉంటే కొత్త రేటు మన కాలమానంలో పొద్దున 5.30కు గానీ మొదలుకాదు.

ఫ్లాగులకు గడువు రాయండి, పని పూర్తయిన నెలలోపు తీసేయండి. పాత ఫ్లాగు పేరును కొత్త పనికి ఎప్పుడూ వాడకండి. నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ల వ్యాపార సంస్థ 2012 ఆగస్టు 1న అదే చేసింది. ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడు చేరలేదు. ఫ్లాగు వెయ్యగానే అక్కడ ఎప్పటిదో పాత కోడు లేచి, దాదాపు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం తెచ్చింది.

నంబర్లు

ఇతర ప్రోగ్రామర్లు వాడే లైబ్రరీకి, ఏపీఐకి (ప్రోగ్రాంలు ఒకదాన్నొకటి పిలిచే ద్వారానికి) సెమాంటిక్ వెర్షనింగ్: పాత వాడకం పనిచేయకుండా పోతే మొదటి అంకె, కొత్తది చేరితే రెండోది, సవరణకు మూడోది. అంగడి యజమానికి ఆ తేడా అక్కర్లేదు. ఆయనకు 25.09 అంటే 2025 సెప్టెంబరుది అని ఫోన్‌లో చెప్పడం సులువు, ఉబుంటు ఆపరేటింగ్ సిస్టం 24.04 లాగే. వెబ్‌కు నంబరు అక్కర్లేదు, కమిట్ హ్యాష్, విడుదల సమయం పేజీ అడుగున కనపడితే చాలు.

ఇప్పుడు ఏది ఎవరికి

ఇద్దరు ముగ్గురు, వెబ్ ఒక్కటే: గిట్‌హబ్ ఫ్లో, స్క్వాష్, ఫార్మాటర్, ఐదు వందల బిల్లుల టెస్టు, సింబాలిక్ లింకు. వీటిలో ముందు లింకుతోనే మొదలుపెట్టండి. అది ఒక్క పూట పని. వెనక్కి వెళ్లగలమన్న ధైర్యం వచ్చాకే టీము చిన్న చిన్న మార్పులు పంపడానికి ముందుకొస్తుంది. ఐదారుగురు, అంగళ్లలో ఇన్‌స్టాల్ చేసేది: మెయిన్‌తో పాటు రిలీజు బ్రాంచీలు, స్కీమా నంబరు, పేరుపెట్టి ఎంచుకున్న మూడంగళ్లు. దాంతో పాటు చివరి రెండు వెర్షన్లకే సపోర్టు అన్న మాట కాంట్రాక్టులో ఉండాలి. ఆ వాక్యం లేకపోతే ఏ బ్రాంచి పద్ధతీ మిమ్మల్ని కాపాడదు, ఎందుకంటే బతికున్న వెర్షన్ల సంఖ్య ఏటా పెరుగుతూనే ఉంటుంది. వెబ్, ఫోన్ యాప్ రెండూ ఉంటే సర్వరు ఏపీఐ కనీసం గత మూడు యాప్ వెర్షన్లకు జవాబివ్వాలి, అంతకంటే పాతదానికి అప్‌డేట్ చేసుకోమని చెప్పే స్క్రీన్ మొదటి యాప్ విడుదలలోనే ఉండాలి. తర్వాత చేర్చితే అది లేని ఫోన్లకు చెప్పే దారి ఉండదు.

వెబ్ టీముకు రేపు ఒక కాలేజీ వచ్చి, మా సొంత సర్వరులోనే పెట్టాలి, ఏడాదికి రెండుసార్లే మార్చుతాం అంటే అప్పటికప్పుడు పద్ధతి మార్చేయక్కర్లేదు. ప్రతి విడుదలకూ గిట్‌లో ట్యాగ్ (ఆ కమిట్‌కు అంటించే పేరు) పెట్టే అలవాటు ఉంటే చాలు. ఆ కాలేజీకి ఇచ్చిన వెర్షన్‌లో మొదటి బగ్గు వచ్చిన రోజు, ఆ ట్యాగ్ నుంచే రిలీజు బ్రాంచి తీసుకోవచ్చు.